గడ్డలు మళ్ళీ వచ్చాక: గర్భసంచి తీయించుకోవాలా, వద్దా

2024 సంక్రాంతి సెలవుల్లో ఒక రాత్రి మా పాప నన్ను పట్టుకుంది. పదకొండు దాటింది. వంటింట్లో లైటు వెయ్యకుండా నిలబడి, బియ్యం డబ్బాలోంచి గుప్పెడు తీసి నములుతున్నాను. "అమ్మా, పచ్చిబియ్యం తింటున్నావేంటి?" అంది వెనకనుంచి. అప్పటికి రెండు నెలలుగా తింటున్నాను. కడిగి ఆరబోసిన బియ్యమైతే మరీ ఇష్టం. పళ్ళ కింద పటపటమంటుంటే ఎప్పట్నుంచో ఉన్న ఆకలేదో తీరుతున్నట్టు ఉండేది. బడిలో సుద్దముక్క వాసనకి కూడా నోరూరేది. బియ్యం బొక్కితే పెళ్ళిలో వాన పడుతుందని చిన్నప్పుడు మా నాయనమ్మ బెదిరించేది. ఒంట్లో రక్తం తగ్గినవాళ్ళకి ఇలా బియ్యం, మట్టి, ఐసు తినాలనిపిస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. పాప వెళ్ళి వాళ్ళ నాన్నకి చెప్పింది. మర్నాడు రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 6.9. ఆడవాళ్ళకి 12 ఉండాలి.

నేను తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కల టీచర్ని. నాకీ గడ్డల గొడవ కొత్త కాదు. 2011లో, నాకు ముప్పయ్యేళ్ళప్పుడు, రెండుసార్లు కడుపు నిలవక స్కాన్ చేయిస్తే ఫైబ్రాయిడ్లు, అంటే గర్భసంచి కండలో పెరిగే గడ్డలు, బయటపడ్డాయి. పొట్ట కోసి నాలుగు గడ్డలు తీశారు. అందులో పెద్దది 9 సెంటీమీటర్లు. గర్భసంచిని అలాగే ఉంచి గడ్డలు మాత్రం తీసే ఆ ఆపరేషన్ని మయోమెక్టమీ అంటారు. రెండేళ్ళకి సిజేరియన్‌తో పాప పుట్టింది. ఆ గర్భసంచి మీద నాకు మమకారం ఉందంటే అది అక్కడిది. ఎవరేమనుకున్నా సరే, నా కూతుర్ని తొమ్మిది నెలలు మోసిన చోటు అది.

2019లో గడ్డలు మళ్ళీ కనబడ్డాయి. మొదట మూడు, తర్వాత ఐదు, 2023 నాటికి ఏడు. తీసేసినవి ఎలా వస్తాయని నేను వాదించాను కూడా. తీసినవి రావు, కొత్తవి వస్తాయి. ఆపరేషన్ రోజున కంటికి ఆనని సన్నసన్న గింజలు కండరంలో ఉండిపోతాయి, నెలసరి హార్మోన్లు ఉన్నంతకాలం వాటిలో కొన్ని పెరుగుతాయి. మొదటి ఆపరేషన్ రోజున ఈ ఒక్క మాట ఎవరైనా చెప్పి ఉంటే, ఎనిమిదేళ్ళ తర్వాత నాదేదో తప్పన్నట్టు బాధపడేదాన్ని కాదు. కాఫీ ఎక్కువ తాగాననీ, వేడి చేసిందనీ, బిడ్డకి పాలు సరిగా ఇవ్వలేదనీ ఎన్ని కారణాలు వెతుక్కున్నానో.

2023 ఏప్రిల్‌లో పదో తరగతి పబ్లిక్ పరీక్షలకి డ్యూటీ పడింది. మూడు గంటల పైచిలుకు గదిలోంచి కదలడానికి లేదు. రెండు పెద్ద ప్యాడ్లు ఒకదానిమీద ఒకటి పెట్టుకుని, ముదురు మెరూన్ చీర కట్టుకుని వెళ్ళాను. పదకొండింటికి కుర్చీలోంచి లేవబోతుంటే జారింది. కోడిగుడ్డంత రక్తపు గడ్డ. మళ్ళీ కూర్చుండిపోయాను. రిలీవర్ కోసం కబురు పెట్టినా రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నేను కూర్చున్న చెక్క కుర్చీ మీద మరక పడింది. పరీక్ష అయ్యాక చివరి బెంచీ అమ్మాయి పేపరు ఇచ్చి, ఏమీ అనకుండా తన చున్నీ తీసి కుర్చీ వీపుకి వేసి వెళ్ళిపోయింది. ఏ స్కూలు పిల్లో తెలియదు. ఆ నీలం చున్నీ ఉతికి ఇప్పటికీ దాచుకున్నాను.

ఆ తర్వాత మందులు మొదలుపెట్టాను. ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు, నెలసరి రోజుల్లో వేసుకునేవి. బ్లీడింగ్ కొంచెం తగ్గేది, అంతే. తర్వాత గర్భసంచిలో హార్మోన్ లూప్ వేశారు. చాలామందికి అది బాగా పనిచేస్తుంది, మా సహోద్యోగి ఒకావిడ దానితోనే గట్టెక్కింది. నాకు మాత్రం ఐదు నెలలకి అదంతట అదే జారి బయటికొచ్చింది. లోపలి గోడ గడ్డలతో వంకర తిరిగి ఉంటే అలా జరిగే అవకాశం ఎక్కువట. ఐరన్ మాత్రలు వేసుకుంటే కడుపులో మంట, మలబద్ధకం. ఒకరోజు వేసుకుంటే రెండురోజులు మానేసేదాన్ని. అలా మానేస్తూ మానేస్తూ 6.9కి వచ్చాను.

రిపోర్టు పట్టుకుని ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాం. పేరు రాయను. ఆ డాక్టరుగారు నా కాగితాలు చూడటానికి ఐదు నిమిషాలు పట్టలేదు. "ఒక పాప ఉంది కదా, నలభై రెండేళ్ళొచ్చాయి, ఇంకేం చేసుకుంటారమ్మా దాంతో? అన్నీ తీసేద్దాం. ఉంచుకుంటే రేపు క్యాన్సర్ అవుతుంది" అన్నారు. అన్నీ అంటే ఏమేమిటని అడిగాను. గర్భసంచి, రెండు అండాశయాలు, అన్నీనట. వచ్చే సోమవారం డేటు కూడా ఇచ్చేశారు. క్యాన్సర్ అనే మాట వినగానే మా ఆయన మొహం పాలిపోయింది. ఫైబ్రాయిడ్ క్యాన్సర్ కాదు, అలాంటి గడ్డలో క్యాన్సర్ ఉండటం చాలా చాలా అరుదు. ఆ సంగతి తెలిసిన మనిషే ఆ మాటని అలా వాడితే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇంటికొస్తే తలో మాట. "తీయించుకుని హాయిగా ఉండు" అని మా అత్తయ్య. "గర్భసంచి తీస్తే ఒళ్ళొచ్చి నడుం పడిపోతుంది, ఇంకో నాలుగేళ్ళు ఓర్చుకో" అని మా పెద్దమ్మ. నెలసరి ఆగిపోతే గడ్డలు వాటంతటవే కుంచించుకుపోతాయన్నది నిజమే. కానీ 6.9తో నాలుగేళ్ళు ఎవరు ఓర్చుకోగలరు? రెండో అంతస్తులో ఉన్న తొమ్మిదో తరగతికి ఎక్కేసరికి మెట్ల మలుపులో ఆగి, ఫోను చూసుకుంటున్నట్టు నిలబడేదాన్ని.

మా అమ్మ మాత్రం ఏమీ అనలేదు. అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

మా అమ్మకి 1994లో గర్భసంచి తీశారు. అప్పుడు ఆమెకి 34, నాకు 13. తెల్లబట్ట అవుతోందనీ, నడుం నొప్పనీ వెళితే ఒక నర్సింగ్ హోంలో ఆపరేషన్ చేసి పంపారు. మా వీధిలో ఆ మూడు నాలుగేళ్ళలో అమ్మతో కలిపి ఐదుగురికి చేశారు. "పెద్దాపరేషన్" అనేవాళ్ళు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూసినప్పుడు నాకు మా వీధే గుర్తొచ్చింది. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ మధ్య వయసు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 3.2 శాతం అయితే, తెలంగాణలో 7.7, మన ఆంధ్రలో 8.9. దేశంలోకెల్లా మనమే ముందు. అంతమందికీ అవసరమయ్యే చేశారంటే నేను నమ్మను.

సోమవారం నేను వెళ్ళలేదు. గుంటూరులో ఇంకొక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ముందు ఆపరేషన్ ఊసే ఎత్తలేదు. "ఈ రక్తంతో మిమ్మల్ని ఎవరూ బల్ల ఎక్కించకూడదమ్మా" అన్నారు. నలభై దాటాక బ్లీడింగ్ ఎక్కువైతే తప్పకుండా చెయ్యాలంటూ గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. అది మామూలుగానే ఉందని వచ్చేదాకా ఐదు రోజులు టెన్షన్. తర్వాత ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక్కి తిప్పి బొమ్మ గీశారు. తలకిందులుగా పెట్టిన జామకాయ. దాని గోడలో, లోపల, బయట మొత్తం ఏడు సున్నాలు.

"ఇది పెద్దది, 7.2 సెంటీమీటర్లు, ముందు గోడలో ఉంది. మీకు గంటగంటకీ బాత్రూం రావడం దీనివల్ల. ఈ చిన్నది చూడండి, మూడు సెంటీమీటర్లు కూడా లేదు, లోపలి పొరలోకి పొడుచుకొచ్చింది. రక్తం పోయేది ఎక్కువగా దీనివల్ల" అన్నారు.

పన్నెండేళ్ళలో ఎన్ని స్కాన్ రిపోర్టులు తీయించానో. అన్నిట్లోనూ పెద్దది ఎన్ని సెంటీమీటర్లని చూసుకోవడమే తప్ప, ఎక్కడుందో ముఖ్యమని ఆ రోజే తెలిసింది. ఆ కాగితం ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద అంటించాను. మీరు కూడా స్కాన్ చేయించుకుంటే, ఒక్కో గడ్డ ఏ పొరలో ఉందో అడిగి రాయించుకోండి.

మరి ఆ చిన్నదాన్ని ఒక్కదాన్నీ కింది నుంచి, కోత లేకుండా తీసేస్తే సరిపోదా అని అడిగాను. అది సగానికి పైగా కండలోకి దిగి ఉందనీ, ఒక్కసారికి అయిపోకపోవచ్చనీ, మిగిలిన ఆరూ అలాగే ఉంటాయనీ చెప్పారు. మళ్ళీ మయోమెక్టమీ చేయచ్చు, కానీ రెండు ఆపరేషన్లు అయిన పొట్ట, లోపల పేగులు, మూత్రాశయం అతుక్కుని ఉంటాయి, రక్తం ఎక్కువ పోవచ్చు, పైగా మళ్ళీ రావన్న హామీ లేదు. ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆవిడే అది చేస్తానన్నారు. నాకు అక్కర్లేదు.

ఎంబొలైజేషన్ సంగతి కూడా ఆవిడే చెప్పి, హైదరాబాద్‌లో ఒక రేడియాలజిస్టుని కలవమన్నారు. అది చేసేది గైనకాలజిస్టులు కాదు. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, గర్భసంచికి వెళ్ళే నాళాల్లోకి ఇసుక రేణువుల్లాంటివి వదులుతారు. రక్తం అందక గడ్డలు ఎండుతాయి. కోత లేదు, ఒకటి రెండు రోజుల్లో ఇల్లు. మొదటి రోజు నొప్పి మాత్రం గట్టిగానే ఉంటుందని ఆయన దాచకుండా చెప్పారు. నెదర్లాండ్స్‌లో ఇలా చేయించుకున్నవాళ్ళని పదేళ్ళపాటు గమనిస్తే, మూడింట ఒకవంతు మందికి చివరికి గర్భసంచి తీయాల్సి వచ్చిందనీ చెప్పారు. నేను రైల్లో తిరిగొస్తూ ఆ లెక్కనే తిప్పి తిప్పి చూసుకున్నాను. మూడింట రెండువంతుల మంది ఆపరేషన్ తప్పించుకున్నారంటే మంచి లెక్కే. గర్భసంచి ఉంచుకోవాలని గట్టిగా ఉన్నవాళ్ళు తప్పకుండా ఆ డాక్టర్లని కలవాలి. చాలామందికి అలాంటిదొకటి ఉందనే తెలియదు. కానీ నా సంగతి వేరు. లోపలికి పొడుచుకొచ్చిన గడ్డ ఎండాక ఊడి బయటికొస్తూ ఇబ్బంది పెట్టచ్చన్నారు. మళ్ళీ వస్తే, మళ్ళీ స్కాన్లు, మళ్ళీ ఈ తర్జనభర్జన. మూడోసారి నాకు ఓపిక లేదు.

ఈలోపు రక్తం పెంచే పని మొదలైంది. సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు, వారం తేడాతో రెండుసార్లు. బ్లీడింగ్ ఆగడానికి నెలకొకటి చొప్పున ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్లు. మొదటిదాని తర్వాత ఒకసారి గట్టిగా అయి, ఆ తర్వాత పూర్తిగా ఆగిపోయింది. మూడో వారానికి బియ్యం డబ్బా వంక చూడబుద్ధి కాలేదు. ఏదో దయ్యం వదిలినట్టు ఆ కోరికే పోయింది. ఏప్రిల్ నాటికి హిమోగ్లోబిన్ 11.2.

కానీ ఆ ఇంజెక్షన్ అండాశయాలని తాత్కాలికంగా నిద్రపుచ్చుతుంది. రెండో నెల నుంచీ ఒంట్లో ఆవిర్లు. క్లాసులో బోర్డు మీద రాస్తుంటే ఛాతీ దగ్గర మొదలై మెడ, చెవులు, నెత్తిదాకా పొయ్యి దగ్గర నిలబడ్డట్టు వేడి. జాకెట్టు తడిసిపోయేది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి ఇక నిద్ర పట్టేది కాదు. చిన్న మాటకి ఏడుపొచ్చేది. ఒకరాత్రి అలా లేచి వరండాలోకి వెళితే, మా ఇంట్లోనే ఉంటున్న అమ్మ కూడా లేచి ఉంది. నా చెమట చూసి, కొంగుతో విసురుతూ, "నాకూ ఇట్టాగే ఉండేదే, మీరు చిన్నపిల్లలు" అంది.

అప్పుడు అర్థమైంది. నాకు పదమూడు పద్నాలుగేళ్ళప్పుడు అమ్మ నడిరాత్రి బావి గట్టు మీద తల తడుపుకుంటూ కూర్చోవడం, ఊరికే విసుక్కోవడం, ఊరికే ఏడవడం. అమ్మకి కోపమెక్కువ అనుకుంటూ పెరిగాం నేనూ, తమ్ముడూ. 34 ఏళ్ళకే అండాశయాలు కూడా తీసేశారు ఆమెకి. నాకు ఇంజెక్షన్ ఆపితే తగ్గే బాధ, ఆమెకి ఏళ్ళ తరబడి. యాభయ్యేళ్ళకే గచ్చు మీద జారి మణికట్టు విరిగింది, ఎముకలు గుల్లబారాయన్నారు. "తీసేముందు నీకేం చెప్పారమ్మా?" అని అడిగాను. "నాకెవరు చెప్తారే? సంతకం మీ నాన్న పెట్టాడు. అండాలు కూడా తీశారని నాలుగేళ్ళ తర్వాత వేరే డాక్టరు స్కాన్ తీసి చెబితే తెలిసింది" అంది.

గర్భసంచి తీయించుకుంటాననీ, అండాశయాలు మాత్రం ఉంచాలనీ ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. అప్పటిదాకా ఈ రెండూ ఒకటే ఆపరేషన్ అనుకుంటూ, అమ్మలా అయిపోతానన్న భయంతోనే అన్నిటికీ వద్దు వద్దంటున్నాను. డాక్టరమ్మకి చెబితే, "మీ ఇంట్లో అండాశయం, రొమ్ము క్యాన్సర్లు ఎవరికీ లేవు, అవి బాగున్నాయి, నేనూ తీయను" అన్నారు. అండాశయాల దగ్గర్నుంచి గర్భసంచికి వచ్చే రెండు ట్యూబులు మాత్రం తీసేస్తాననీ, అండాశయ క్యాన్సర్లు చాలావరకూ ఆ ట్యూబుల్లోనే మొదలవుతాయనీ చెప్పారు. అండాశయాలు ఉంచినా నెలసరి ఆగే దశ ఒకటి రెండేళ్ళు ముందే రావచ్చని కూడా చెప్పారు. సరేనన్నాను.

సెలవులు ఇవ్వగానే ఏప్రిల్ చివరి వారంలో డేటు తీసుకున్నాను. మాకు గర్భసంచి ఆపరేషన్‌కి 45 రోజుల స్పెషల్ క్యాజువల్ లీవు ఉంది. మా స్కూల్లోనే ఇద్దరు ఆ సంగతి తెలియక సొంత సెలవులు ఖర్చుపెట్టుకున్నారు. టీచర్లెవరైనా చదువుతుంటే గుర్తుపెట్టుకోండి.

ముందురోజు సాయంత్రం నర్సు ఫారాలు తెచ్చి మా ఆయన చేతికిచ్చింది. నేను చెయ్యి చాపాను. "పేషెంట్ హస్బెండ్ పెట్టాలండీ" అంది. మొదటి సంతకం నాదేనన్నాను. 2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో చెప్పింది ఇదే. పరీక్ష కోసం మత్తిచ్చిన మనిషికి, బయట ఉన్న తల్లి దగ్గర సంతకం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. స్పృహలోకి వచ్చాక ఆమెనే అడగాల్సిందనీ, తల్లి ఒప్పుకోలు చెల్లదనీ తీర్పు. ఫారంలో "గర్భసంచి తొలగింపు" అని ఉన్న చోట కింద నా చేత్తో తెలుగులో రాశాను: "ప్రాణానికి ప్రమాదమైతే తప్ప రెండు అండాశయాలూ తీయవద్దు." డాక్టరమ్మ చూసి పక్కన తనూ సంతకం పెట్టారు. పెన్ను తిరిగిచ్చేటప్పుడు నా చెయ్యి వణికింది. పాప గుర్తొచ్చింది. మా ఆయన ఏమీ అనకుండా నా చెప్పులు తీసి మంచం కింద సర్దారు.

ఆపరేషన్ పాత కోత మీదనే చేశారు. గర్భసంచి 16 వారాల కడుపంత ఉంది. మూత్రాశయం అతుక్కుని ఉండటంతో మూడు గంటలు పట్టింది, ఒక యూనిట్ రక్తం ఎక్కించారు. మర్నాడు సాయంత్రం నడిపించారు. అబద్ధమెందుకు, మొదటి మూడు రోజులు నరకం. దగ్గొస్తే పొట్టకి దిండు అదుముకోవాలి. గ్యాస్ పోయేదాకా అన్నం పెట్టరు. ఐదో రోజు ఇంటికొచ్చాను. ఆసుపత్రి బెల్టు ఉన్నా అమ్మ ఊరుకోక, పాత నూలుచీర చింపి బాలింతకి కట్టినట్టు నడికట్టు కట్టబోయింది. డాక్టరమ్మకి ఫోను చేసి అడిగితే, వద్దు, బెల్టు చాలన్నారు. ఆ గుడ్డనే మడతపెట్టి నా తలకింద పెట్టింది.

మే 13న ఎన్నికలు. డ్యూటీ తప్పింది గానీ ఓటు మానలేదు. ఆపరేషన్ తర్వాత గడప దాటింది అదే మొదటిసారి. ఆటోలో గతుకు వచ్చినప్పుడల్లా పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిర్లు మే నెలాఖరుకి తగ్గిపోయాయి. ఆరు వారాలు బిందె ఎత్తలేదు. జూన్‌లో బడి తెరిచేసరికి ఆగకుండా రెండంతస్తులు ఎక్కాను. నెలసరి లేని వెలితి ఉంటుందేమో అనుకున్నాను, లేదు. ఒకటి రెండుసార్లు మాత్రం చిన్నపిల్లల్ని ఎత్తుకున్న వాళ్ళని చూసినప్పుడు కడుపులో ఏదో కదిలినట్టయింది. ఇంకొక బిడ్డ కావాలని కాదు. ఏమిటో చెప్పలేను.

బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజు అమ్మ చదివి వినిపించమంది. తెలుగులో చెప్పాను: గర్భసంచి బరువు 640 గ్రాములు, గడ్డలు ఏడు, అన్నీ మామూలు ఫైబ్రాయిడ్లు, క్యాన్సర్ లక్షణాలు లేవు, రెండు ట్యూబులూ అందాయి, అండాశయాలు మాత్రం పంపలేదు. చివరి ముక్క ఇంకోసారి చదవమంది. చదివాను. "నాకిట్టాంటి కాయితమేదీ ఇచ్చిన గుర్తు లేదే" అంటూ రిపోర్టు నా చేతిలోంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, బీరువాలో పొలం పాసు పుస్తకాల కింద పెట్టి తాళం వేసింది.